నవ్వకూడని ఉద్యోగం

తొంభైల చివర్లో కర్నూలు పాతబస్తీలో పెరిగిన మా ఈడు వాళ్ల దగ్గర ఒకసారి 'విక్కీ' అని చూడండి. చేతులు రెండూ ఒంటికి అంటించుకుని, కళ్లు ఆర్పకుండా, గొంతులో ఎత్తుపల్లాల్లేకుండా ఏదో ఒక మాట అంటారు. ఆ తర్వాతే నవ్వుతారు. విక్కీ అనే రోబో పిల్ల ఉండే ఆ అమెరికా సీరియల్ అసలు పేరు 'స్మాల్ వండర్' అని అప్పట్లో మాలో సగంమందికి తెలీదు. మాకది విక్కీ సీరియల్, అంతే. స్టార్ ప్లస్‌లో హిందీ మాటలతో వచ్చేది.

హిందీ మాకు రాదు. కర్నూల్లో పుట్టినోళ్లకు బజారులో బేరమాడేంత ఉర్దూ ఎలాగూ వస్తుంది, 'నక్కో', 'కైకు', 'హౌ' వరకు. ఆ సరుకుతో సీరియల్ నడవదు. పైగా మా ఇంట్లో టీవీ ఉంది గానీ కేబుల్ లేదు. నేను పదో తరగతి పాసయ్యేదాకా కేబుల్ మాటెత్తొద్దని నాన్న ఖరాఖండీగా చెప్పేశాడు. కాబట్టి సాయంత్రమయ్యేసరికి నేనూ, చెల్లెలూ, వీధిలో ఇంకో నలుగురూ గోడ అవతల, మేం ఖాలా (ఉర్దూలో పిన్ని) అని పిలిచే ఆమె ఇంట్లో తేలేవాళ్లం. ఆమె భర్త ఖాలూ కువైట్‌లో పని చేసేవాడు. కలర్ టీవీ, కేబుల్, పెద్ద ఫ్యాను, అన్నీ ఉన్న ఇల్లు. బేతంచెర్ల బండలు పరిచిన చల్లటి నేల. వచ్చిన పిల్లల్ని ఖాలా ఏ రోజూ విసుక్కోలేదు. చెప్పులు మాత్రం బయట వరుసగా విప్పాలి, అదొక్కటే రూలు.

ఖాలా పెద్దకూతురు, మేమందరం 'అక్కా' అనే పిల్ల, మా అనువాదకురాలు. ఆమె ముందు తను నవ్వేది. తర్వాత మాకు తెలుగులో చెప్పేది. అప్పుడు మేం నవ్వేవాళ్లం. ఈలోపు టీవీలో ఇంకో జోకు దాటిపోయేది. కాబట్టి ఆ అరగంటలో టీవీలో కనబడని జనం ఒకసారి, అక్క ఒకసారి, మేమొకసారి, మూడు విడతలుగా నవ్వులు నడిచేవి. ఆ కనబడని జనం ఎవరు, ఏ గదిలో కూర్చుని అంత పెద్దగా నవ్వుతున్నారని నాకు చాలా రోజులు అనుమానం. అడిగితే 'వాళ్లు పక్కింటోళ్లు' అంది అక్క. మా సంగతి చూస్తే అది నమ్మదగ్గ జవాబే.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టెడ్ లాసన్ అనే రోబోల ఇంజనీరు పదేళ్ల ఆడపిల్లలా ఉండే రోబోను తయారుచేసి ఇంటికి తెస్తాడు. భార్య జోన్, కొడుకు జేమీ. లోకానికి మాత్రం పెంచుకున్న కూతురని చెబుతారు. పక్కింట్లో హ్యారియెట్ అని ఎర్రజుట్టు పిల్ల, ప్రతిదాంట్లో తలదూర్చే రకం. ఆమె తండ్రి టెడ్‌కు పై ఆఫీసరు కూడా. గుట్టు ఎప్పుడు బయటపడుతుందోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. విక్కీ వీపు మీద ఒక తలుపు, అది తీస్తే లోపల మీటలు. చంక కింద కరెంటు ప్లగ్గు పెట్టే చోటు. రాత్రిపూట జేమీ గదిలోని బీరువాలాంటి దాంట్లో నిలబెడతారు. మంచం మోయమంటే ఒంటిచేత్తో లేపేస్తుంది. చెప్పిన మాటను చెప్పినట్టే తీసుకుంటుంది, నవ్వంతా అక్కడే.

ఆ చంక కింది ప్లగ్గు మాకు పెద్ద చర్చనీయాంశం. వేసవిలో మా వీధికి కరెంటు ఉండే గంటలు లెక్కేస్తే, విక్కీ గనక కర్నూల్లో పుట్టి ఉంటే సగం రోజు బీరువాలోనే గడిపేదని తేల్చాం. సీరియల్ మధ్యలో కరెంటు పోయినప్పుడల్లా ఎవడో ఒకడు 'విక్కీకి చార్జింగ్ అయిపాయ' అనేవాడు. అది అరిగిపోయేదాకా వాడాం.

మాట పట్టుకుని వేలాడే విద్య మాకు బాగా అబ్బింది. అమ్మ 'నోరు మూసుకుని తిను' అంటే, చెల్లెలు గోడవైపు చూస్తూ 'నోరు. మూసుకుంటే. తినడం. కుదరదు' అనేది. 'నా తల తినొద్దు' అంటే 'నేను. తల. తినను. ఉగ్గాని. తింటాను.' ఒకరోజు మా అవ్వ ముందు ఇదే నాటకం మొదలుపెట్టింది. అవ్వకు టీవీ అంటే బేబి షామిలి ఒక్కతే, ఆ పిల్ల కనిపిస్తే కూర్చునేది, లేకపోతే లేచిపోయేది. ఈ విక్కీ ఎవరో ఆమెకు తెలీదు. మనవరాలు రెప్ప కొట్టకుండా, మెడ తిప్పకుండా ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంటే ఏమనుకోవాలి పాపం! సాయంత్రం దీపాల వేళ ఎర్రటి మిరపకాయలు, ఉప్పు, చీపురుపుల్లలు తెచ్చి దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గులు. చెల్లెలు మాత్రం దగ్గు వస్తున్నా మొహం కదల్చలేదు. అవ్వకు అది చూసి ఇంకా భయమేసింది. మర్నాడు తాయెత్తు కట్టించాలంది. అమ్మ వచ్చి వీపు మీద ఒకటి వేస్తే గానీ రోబో మనిషి కాలేదు.

అక్క సంగతి దీనికి రెండాకులు ఎక్కువ. ఆ ఏడు రంజాన్‌కు ఖాలా గుడ్డ కొనిస్తానంటే, విక్కీ వేసుకునేలాంటి ఎర్ర గౌనే కావాలని కూర్చుంది. టైలరుకు టీవీ చూపించలేం కదా. అక్క నోట్‌బుక్కులో బొమ్మ గీసుకుని పోయింది: ఎర్ర గౌను, తెల్ల కాలరు, ముందు తెల్లటి ఏప్రన్ లాంటి ముక్క. టైలరు కళ్లద్దాలు పైకి నెట్టుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఇది బడి యూనిఫారమా, ఆసుపత్రిదా?' అన్నాడట. పండగ రోజు గౌను బాగానే వచ్చింది, భుజాలు మాత్రం బుడగల్లా ఉబ్బి. ఆ గౌనుతో అక్క వాళ్లింటి టేకు బీరువాలోకి దూరి నిలబడింది, మేం తలుపు వేశాం. తలుపు తీయగానే విక్కీలా నడిచి రావాలని ప్లాను. ఆ బీరువా గొళ్లెం బయట పడిందంటే ఓ పట్టాన రాదని మాకేం తెలుసు! లోపలి నుంచి కాసేపు రోబో గొంతులో 'తలుపు. తీయండి' అని వినబడింది. తర్వాత ఉర్దూలో మామూలు గొంతులో తిట్లు వినబడ్డాయి. ఖాలా వచ్చి కాలితో ఒక తన్ను తన్నితే తెరుచుకుంది. షీర్ ఖుర్మా మాకు ఆ రోజు కాస్త ఆలస్యంగా అందింది.

మా చిన్నమ్మ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. పగటి డ్యూటీ అయితే వచ్చే దారిలో మమ్మల్ని లాక్కెళ్లడానికి ఖాలా ఇంటికొచ్చి, అక్కడే కుర్చీలో కూలబడి సీరియల్ అయ్యేదాకా ఉండేది. మొదటిసారి విక్కీని చూసి ఆమె అన్న మాట నాకింకా గుర్తు: 'ఈ పిల్లకు జ్వరమేమో సూడండ్రా, కండ్లు అట్ల పెట్టింది.'

ఆ కళ్ల గురించే చెప్పాలి. అప్పుడు మాకు విక్కీ అంటే విక్కీయే. లోపల ఒక పిల్ల ఉందని, ఆ పిల్ల రోజూ స్టూడియోకు వెళ్లి పని చేస్తుందని తోచలేదు. ఆమె పేరు టిఫనీ బ్రిసెట్. 1974లో కాలిఫోర్నియాలో పుట్టింది. 1985లో సీరియల్ మొదలయ్యేనాటికి నిండా పదకొండేళ్లు లేవు. 1989 వరకు నాలుగు సీజన్లు, 96 భాగాలు. అంటే అక్కడ అయిపోయి ఏళ్లు గడిచాకే మన దగ్గరకొచ్చింది. మేం ఖాలా ఇంట్లో నోరు తెరుచుకుని చూస్తున్నప్పటికే ఆ 'పదేళ్ల పిల్ల'కు ఇరవై దాటేశాయి!

ఈ మధ్య పాత భాగాలు కొన్ని మళ్లీ చూశాను. నిజం చెప్పాలంటే సీరియల్ అంత గొప్పగా లేదు. సెట్లు అట్టపెట్టెల్లా ఉన్నాయి, తండ్రి పాత్ర జోకులు సగం పేలవు. అమెరికాలో విమర్శకులు దీన్ని ఎప్పుడూ చెత్త సీరియళ్ల జాబితాలోనే వేశారు, వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ పిల్ల మాత్రం వేరే. ఈసారి కథ వదిలేసి ఆమెనొక్కదాన్నే చూస్తూ కూర్చున్నా. చుట్టూ నలుగురు అరుస్తున్నా, చేతులూపుతున్నా, తలుపులు బాదుతున్నా, ఆమె ఎక్కడా కదలదు. తల తిప్పాలంటే ముందు మెడ, ఆ వెనక భుజం, తర్వాతే అడుగు. ఎదుటివాడి మాట పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి జవాబిస్తుంది. ఆ క్షణం కాస్త తగ్గితే మామూలు పిల్ల, పెరిగితే మాట మర్చిపోయిన పిల్ల. కొలిచినట్టు వేసింది. హ్యారియెట్ గొంతునో ఇంకొకరి గొంతునో అనుకరించాల్సి వచ్చినప్పుడు ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్టు మాట్లాడి, మళ్లీ చప్పున ఆరిపోతుంది. విక్కీకి చెడ్డ జోడు ఒకతి ఉంటుంది, వనెస్సా అని, అదీ ఈమే వేసింది. అందులో చూడాలి ఆ పిల్ల కళ్లలో కొంటెతనం! అంటే నవ్వు చేతకాక కాదు, అదిమిపెట్టి చేసిన పని అది.

మన తెలుగువాళ్లకు హాస్యం అంటే మొహం. బ్రహ్మానందం కనుబొమ్మ ఎత్తితే హాలు లేస్తుంది. మొహమే కదపకుండా నవ్వించడం మనకు అంతగా అలవాటు లేదు. మూకీల కాలంలో బస్టర్ కీటన్ అలా చేశాడు, 'రాతి మొహం' అనే పేరు తెచ్చుకున్నాడు. ఆయన పెద్దవాడు, చిన్నప్పట్నుంచీ స్టేజీల మీద దెబ్బలు తిని నేర్చుకున్నాడు. ఇక్కడ పదేళ్ల పిల్లను పట్టుకుని, చుట్టూ అందరం నవ్వులాట ఆడతాం, నువ్వు మాత్రం పెదవి కదపొద్దు అన్నారు. నాలుగేళ్లు. మా చెల్లెలు మిరపకాయల పొగలో పట్టుమని పది నిమిషాలు నిలబడిందని ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఇంకో చిక్కు. రోబో పెరగదు, పిల్ల పెరుగుతుంది. ఎర్ర గౌను ఎంతని పొడిగిస్తారు? మూడో సీజన్‌కొచ్చేసరికి టెడ్ విక్కీని 'మెరుగుపరిచాడ'ని కథలో చెప్పి కొంచెం పెద్దపిల్లను చేశారు, బట్టలు మార్చారు. అక్కకు ఆ మార్పు అసలు నచ్చలేదు. గౌను లేని విక్కీ విక్కీ కాదని ఆమె వాదన. అప్పటికి అక్క గౌను కూడా పొట్టిదైపోయి చిన్న చెల్లెలికి దిగింది లెండి.

తర్వాత 2003లో స్టార్ ప్లస్‌లోనే దీన్ని మన దేశం తరహాలో 'కరిష్మా కా కరిష్మా' అని తీశారు. ఝనక్ శుక్లా అని బుజ్జి పిల్ల. అప్పటికి మేం కాలేజీ ముఖాలు చూసేశాం, చిన్నపిల్లల సీరియల్ అని పైకి అంటూ దొంగచాటుగా చూసేవాళ్లం. ఆ పిల్ల అదే ఏడు 'కల్ హో నా హో' సినిమాలోనూ కనిపించింది. పెద్దయ్యాక ఆ అమ్మాయి నటన వదిలేసి పురావస్తు శాస్త్రం చదువుకుంది. ఈ మాట విన్నప్పుడు నాకు భలే సంతోషమేసింది. తల్లీ, మా వైపొకసారి రా, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి, జ్వాలాపురంలో 74,000 ఏళ్ల కిందట ఎక్కడో సుమత్రాలో పేలిన అగ్నిపర్వతం బూడిద పొరలున్నాయి, మేం ఆ బూడిదతో గిన్నెలు తోముకున్నాం అని చెప్పాలనిపించింది.

ఇద్దరు రోబో పిల్లలూ నటన వదిలేశారు. ఇక్కడే నాకు కోపమొచ్చే సంగతి ఒకటుంది. యూట్యూబ్‌లో చూడండి: 'విక్కీ ఇప్పుడెలా ఉందో చూస్తే షాక్', 'పాపం ఈమె ఇప్పుడేం పని చేస్తోందో తెలుసా'. పక్కన ఒక చిన్నప్పటి ఫొటో, ఒక ఇప్పటి ఫొటో, మధ్యలో ఎర్ర బాణం. తెర మీద కనిపించడం మానేస్తే మనిషి మునిగిపోయినట్టే లెక్క వీళ్లకు.

నిజంగా మునిగినవాళ్లు లేకపోలేదు. విక్కీని సృష్టించిన హోవర్డ్ లీడ్స్ అంతకుముందు 'డిఫరెంట్ స్ట్రోక్స్' అనే సీరియల్ నిర్మాతల్లో ఒకడు. అందులో గ్యారీ కోల్‌మన్ అనే కుర్రాడు 1978 నుంచి 1986 దాకా అమెరికాను కడుపుబ్బ నవ్వించాడు. పుట్టుకతోనే మూత్రపిండాల జబ్బు, దాంతో ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఆగిపోయింది. ఒళ్లు ఎదగకపోవడమే అతని అన్నంముద్ద అయింది. ఆ పొట్టితనాన్ని చూసి జనం నవ్వుతుంటే, వెనక డయాలసిస్‌లు, ఆపరేషన్లు. సంపాదన కన్నవాళ్లూ వ్యవహారాలు చూసేవాళ్లూ మింగేశారని కోర్టుకెక్కాడు, 1993లో పన్నెండున్నర లక్షల డాలర్లకు పైగా తీర్పొచ్చింది. అయినా నిలదొక్కుకోలేక సెక్యూరిటీ గార్డుగా కూడా పనిచేశాడు. 2010లో 42 ఏళ్లకే పోయాడు. అంతకు చాలా ముందే, చాప్లిన్ పక్కన చిన్నప్పుడే నటించిన జాకీ కూగన్ సంపాదనను అతని తల్లీ, మారు తండ్రీ ఖర్చుపెట్టేస్తే, కేసు నడిచి, 1939లో కాలిఫోర్నియాలో పిల్లల సంపాదన కాపాడే చట్టమొకటి వచ్చింది. చట్టముండీ గ్యారీకి అట్లా జరిగింది.

గ్యారీ విషయంలో కూడా జనం 'పాపం, సెక్యూరిటీ గార్డు అయ్యాడు' అనే చోటే ఆగిపోతారు. గార్డు పనిలో పాపమేముంది? పసివాడి డబ్బు తినేసిన దగ్గర కదా పాపం. మా వీధిలో సగంమంది తండ్రులు ఇలాంటి ఉద్యోగాలతోనే పిల్లల్ని చదివించారు.

టిఫనీ సంగతికొస్తే, విక్కీ అయిపోయాక ఒకటీ అరా చోట్ల కనిపించి చదువులో పడింది. సైకాలజీ చదివి, తర్వాత నర్సు అయింది. కొలరాడోలో బౌల్డర్ అనే ఊళ్లో స్థిరపడింది. పాత పేరు పట్టుకుని వేలాడలేదు. ఈ కబురు మొదట నాకు పంపింది అక్కే. ఇప్పుడామె హైదరాబాద్‌లో ఉంటోంది. 2009 అక్టోబర్ వరదలో ఖాలా ఇల్లు నీళ్లలో మునిగి ఆ టీవీ, టేకు బీరువా, గౌనుతో దిగిన పండగ ఫొటో అన్నీ పోయాక వాళ్లు మా వీధి ఖాళీ చేశారు. 'విక్కీ నర్సంట రా' అని వాయిస్ మెసేజ్, రోబో గొంతులో.

నాకు మాత్రం వెంటనే గుర్తొచ్చింది చిన్నమ్మ మొహం. ఏడో తరగతిలో మిద్దె మెట్ల మీంచి పడి గడ్డం పగిలితే నన్ను పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయారు. చిన్నమ్మ డ్యూటీలో ఉంది. ఇంట్లో నాకు ముల్లు గుచ్చుకుంటే 'అయ్యో నాయనా' అని ఊరంతా లేపే మనిషి, ఆ రోజు నా తల రెండు చేతులతో బిగించి పట్టుకుని, డాక్టరు కుట్లు వేస్తుంటే మొహంలో ఒక్క గీత కదలనివ్వలేదు. 'పైకి చూడు. ఫ్యాను చూడు. రెక్కలెన్ని?' అంతే, అదే గొంతు. ఎవరో పరాయి మనిషి అనుకున్నా. కట్టు కట్టాక వరండాలోకి తీసుకొచ్చి, అప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చిన్నమ్మ రిటైరై ఇప్పుడు నంద్యాలలో కొడుకు దగ్గరుంటోంది. మొన్న పోయినప్పుడు ఈ కబురంతా చెప్పా. విక్కీ ఎవరో ముందు గుర్తు రాలేదు. 'జ్వరం కండ్ల పిల్ల' అంటే వెలిగింది. నటన, సీరియల్, అమెరికా, అవేమీ పట్టించుకోలేదు. 'ఏ వార్డంట?' అంది. తెలీదన్నా. 'నైట్ డ్యూటీలు పడతాయా?' అదీ తెలీదన్నా. ఏమీ తెలీకుండానే ఇంత చెప్పొచ్చినావా అన్నట్టు చూసి, వక్కాకు నములుతూ కాసేపు ఆలోచించి అంది:

'పిల్లోల్ల వార్డుకేస్తే మేలు. సూది చూపిచ్చినా తెలీదు ఆ మొగంలో, వాల్లు ఏడ్సేలోపల పనయిపోతాది.'